వేసవిలో గాలించిన అడవిని ఆకు రాలాక మళ్లీ ఎందుకు గాలించాలి?

సంక్షిప్తంగా: ఒక ప్రాంతాన్ని గాలించడం అంటే అక్కడ మనిషి లేడని తేల్చడం కాదు, ఉండి ఉంటే కంటపడే అవకాశం ఎంతో చెప్పడం. ఆ అవకాశాన్ని ఆకుల దట్టం, మంచు, వాన, నీటి వేడి, పగటి పొడవు తలకిందులు చేస్తాయి. జాగిలాలు, థర్మల్ డ్రోన్లు (వేడిని పట్టే కెమెరా ఉన్నవి), సోనార్ (నీటి అడుగును శబ్దంతో చూపే పరికరం) కూడా ఇందుకు అతీతం కావు. ఏ కాలంలో, ఏ పరిస్థితుల్లో వెతికారో రాసి ఉంచకపోతే ఆ గాలింపు రికార్డు తర్వాత వచ్చేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

తప్పిపోయినవారి కేసుల్లో జనాన్ని బాగా తికమక పెట్టే సంగతి ఒకటుంది. వందలమంది రోజుల తరబడి జల్లెడ పట్టిన చోటే, కొన్ని నెలల తర్వాత ఏ పశువుల కాపరికో వేటగాడికో అవశేషాలు కనిపిస్తాయి. అప్పట్లో సరిగ్గా వెతకలేదన్న నింద వెంటనే మొదలవుతుంది. ఎవరో తెచ్చి అక్కడ పడేశారన్న అనుమానం దాని వెనకే వస్తుంది. రెండూ ఒక్కోసారి నిజం కావచ్చు. కానీ అంతకంటే మామూలు కారణం ఇంకొకటి ఉంది: మొదటి గాలింపు జరిగిన రోజుల్లో ఆ నేల కనిపించే స్థితిలో లేదు.

కనుచూపు దూరం చేసే తేడా

నేటి గాలింపుల వెనకున్న లెక్క అడవుల్లో పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి జలాంతర్గాముల వేటలో సాయపడిన గణిత శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ కూప్‌మన్, ఆయనతో పనిచేసినవారు దీన్ని తయారుచేశారు. నేల మీద దాన్ని వాడాలంటే ముందు తెలియాల్సింది ఒక్కటే: ఈ పొదల్లో, ఈ వెలుతురులో, మనిషి ఎంత దూరం నుంచి కంటపడతాడు?

దాన్ని అంచనాగా చెప్పరు, కొలుస్తారు. తప్పిపోయిన మనిషి సైజులో ఒక బొమ్మనో గోనెసంచినో తీసుకుని, అతను వేసుకున్న రంగు బట్ట చుట్టి, గాలించబోయే రకం నేల మీదే పడుకోబెట్టినట్టు పెడతారు. ఒకరు దాన్ని చూస్తూ వెనక్కి నడిచి, ఎక్కడ కనుమరుగైందో అక్కడ ఆగి దూరం కొలుస్తారు. తర్వాత కాస్త పక్కకు జరిగి, ఇంకా దూరం నుంచి దగ్గరకు వస్తూ మొదటిసారి ఎక్కడ కంటపడిందో కొలుస్తారు. ఇలా ఎనిమిది దిక్కుల్లోనూ చేసి సగటు తీస్తారు. కొట్టొచ్చినట్టు కనిపించే రంగైతే ఆ సగటును 1.8తో, మామూలు రంగైతే 1.6తో, పరిసరాల్లో కలిసిపోయే రంగైతే 1.1తో గుణిస్తారు. వచ్చేదే గాలింపు వెడల్పు, అంటే ఒక మనిషి నడుస్తూ పోతే అతని దారి వెంట లెక్కలోకి వచ్చే పట్టీ.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ. ఒక చదరపు కిలోమీటరు అడవి. పదిమంది, ఒక్కొక్కరు గంటకు 0.8 కి.మీ. వేగంతో ఐదు గంటలు నడిచారు. అందరూ కలిసి 40 కి.మీ. తిరిగినట్టు. ఆకులు రాలిపోయిన రోజుల్లో సగటు కనుచూపు దూరం 25 మీటర్లు ఉందనుకుందాం. మామూలు రంగు బట్టలకు గాలింపు వెడల్పు 40 మీటర్లు. అంటే 1.6 చదరపు కి.మీ. నేలను కళ్లతో తుడిచినట్టు. అడవి అంతకంటే చిన్నది కదా, నూరు శాతం అయినట్టేనా? కాదు. నడిచే దారులు కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి పడతాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. కూప్‌మన్ సూత్రం ప్రకారం విస్తీర్ణానికి సరిగ్గా సమానంగా తిరిగితే దొరికే అవకాశం 63 శాతం, 1.6 రెట్లు తిరిగితే దాదాపు 80 శాతం.

అదే అడవి, అదే పదిమంది, ఈసారి చెట్లూ పొదలూ నిండా ఆకులతో ఉన్నాయి. కనుచూపు దూరం 8 మీటర్లకు పడిపోయింది. వెడల్పు 13 మీటర్లు. నడక కూడా సాగదు, తీగలు తప్పించుకుంటూ గంటకు అర కిలోమీటరు. మొత్తం 25 కి.మీ. తిరిగారు. దొరికే అవకాశం సుమారు 28 శాతం. ఇందులో బద్ధకం లేదు, నిర్లక్ష్యం లేదు. రెండు సందర్భాల్లోనూ సాయంత్రం మ్యాపు మీద అదే గడికి (ఆ అడవి ముక్కను చూపే చతురస్రానికి) ‘గాలించాం’ అని అదే రంగు పూస్తారు.

చిక్కంతా ఆ రంగుతోనే. మనిషి ఆ గడిలో ఉండే అవకాశం మొదట 60 శాతం అనుకుంటే, ఆకు రాలాక జరిగిన గాలింపు విఫలమైనప్పుడు అది 23 శాతానికి దిగుతుంది. దృష్టిని వేరే చోటికి మళ్లించడం సబబే. దట్టమైన ఆకుల మధ్య జరిగిన గాలింపు విఫలమైతే మాత్రం 52 శాతం దగ్గరే ఆగుతుంది. అంటే మిగతా ప్రాంతమంతా కలిపినా దానికంటే ఇక్కడ ఉండే అవకాశమే ఇప్పటికీ ఎక్కువ. అలాంటి గడిని ‘అయిపోయింది’ అని కొట్టేసి ముందుకు పోవడమే నెలల తర్వాత బయటపడే పొరపాట్లలో ఎక్కువవాటికి మూలం.

బట్టల రంగు గురించి ఒక మాట. ప్రమాదంలో కనిపించాలని వేసుకునే నారింజ రంగు చొక్కా, ఆకులు పండి ఎర్రబడే రోజుల్లో పరిసరాల్లో కలిసిపోతుంది. పచ్చది వేసవిలో, తెల్లది మంచులో అంతే. కొట్టొచ్చే నీలం ప్రకృతిలో అరుదు కాబట్టి చాలా కాలాల్లో పనికొస్తుంది. ఏ రంగుకు ఏ అంకెతో గుణించాలన్నది కూడా కాలాన్ని బట్టి మారుతుందన్నమాట.

ప్రాణం నిలిచే గడువు

కాలం మారితే వెతకడానికి మిగిలిన సమయమూ మారుతుంది. చలి అనగానే గడ్డకట్టే వాతావరణమే గుర్తొస్తుంది గానీ, శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే పడిపోవడానికి అంత చలి అక్కర్లేదు. 10 డిగ్రీల వాతావరణంలో వానకు తడిసిన నూలు బట్టలు, పైన గాలి ఉంటే చాలు. అందుకే నడి శీతాకాలం కంటే దానికి ముందూ వెనకా ఉండే వారాలు ఒక విధంగా మోసకారివి. పగలు ఎండ కాస్తుంది కాబట్టి జనం పల్చటి బట్టలతో బయల్దేరతారు, పొద్దు వాలాక చిక్కుకుంటారు. శీతాకాలంలో వెళ్లినవాళ్లకు కనీసం స్వెట్టరైనా ఉంటుంది.

శరీరం బాగా చల్లబడినవారు చివరి దశలో చేసే రెండు పనులు గాలింపు బృందాలకు తెలిసి ఉండాలి. మొదటిది, వేడెక్కిపోతున్నట్టు అనిపించి బట్టలు విప్పేయడం. దారి వెంట చెల్లాచెదురుగా పడిన బట్టలు చూసి నేరం జరిగిందని అనుమానించి, గాలింపును విచారణగా మార్చేసే ప్రమాదం ఉంది. రెండోది, ఇరుకు చోట్లలోకి దూరిపోవడం: పడిపోయిన మాను కింద, పొద అడుగున, రాళ్ల మధ్య సందులో. కాబట్టి చలికాలపు గాలింపులో ముందుకు చూస్తూ నడవడం చాలదు, వంగి కిందకు చూడాలి. ఆకు రాలడం వల్ల కలిసొచ్చిన లాభంలో కొంత ఇక్కడ పోతుంది.

వేడిలో మనిషి నీడ వెతుక్కుంటాడు. కల్వర్టు కింద, గట్టు పక్కన, వాగు ఒడ్డు కింద దొరుకుతాడు. ఇవన్నీ పైనుంచి చూసే డ్రోనుకు కనిపించని చోట్లే. నీళ్లు లేకుండా మూడు రోజులన్నది అందరి నోటా వినిపించే మాట. మండుటెండలో నడుస్తున్న మనిషికి అందులో చాలా తక్కువే మిగులుతుంది.

పిల్లలు, మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దల విషయంలో కాలం ఇంకోరకంగా పనిచేస్తుంది. మతిమరుపు ఉన్నవారు సాధారణంగా ఒకే దిక్కుగా నడుస్తూ పోయి, పొదలోనో కంచెలోనో కాలవలోనో చిక్కుకుని ఆగిపోతారు. పేరు పెట్టి పిలిచినా పలకకపోవచ్చు. ఆకులు దట్టంగా ఉన్న రోజుల్లో అలాంటి పొదను పక్కనుంచి చూసి వదిలేయడం సులువు. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది నీళ్ల వైపు ఆకర్షితులవుతారు, ఇల్లు దాటిన ఇలాంటి పిల్లల మరణాలకు ప్రధాన కారణం మునిగిపోవడమే. వేడి రోజుల్లోనైనా, చెరువుల మీద పల్చగా మంచు కట్టే రోజుల్లోనైనా మొదటి మనుషుల్ని పంపాల్సింది దగ్గర్లోని నీటి దగ్గరికే.

పగటి పొడవు కూడా గడువులో భాగమే. భూమధ్యరేఖ నుంచి 40 డిగ్రీల అక్షాంశం దగ్గర వేసవిలో అతి పొడవైన పగలు సుమారు 15 గంటలు, చలికాలంలో అతి చిన్న పగలు 9 గంటల పైచిలుకు. భూమధ్యరేఖ దగ్గరికి వచ్చేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది, అక్కడ పగటి కంటే వానే పెద్ద అడ్డంకి.

జాగిలం, డ్రోన్, చెవి

మనిషి ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు మీద సూక్ష్మజీవులు పనిచేయడం వల్ల పుట్టే వాసనను జాగిలం పట్టుకుంటుంది. దానికి కొంత తేమ, కొంత వెచ్చదనం కావాలి. నడి వేసవి మధ్యాహ్నం తారురోడ్డు మీద ఆ వాసన త్వరగా చచ్చిపోతుంది. పైగా నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే వాసన కూడా దానితో లేచి, ఎక్కడో దూరంగా దిగుతుంది. జాగిలం అక్కడ గుర్తిస్తుంది, మనిషి అక్కడ ఉండడు. ఇంకో చిక్కు: వేడికి నోరు తెరిచి రొప్పుతున్న కుక్క ముక్కుతో సరిగ్గా వాసన పీల్చలేదు. అందుకే వేసవిలో జాగిలాల పని తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక.

కొండ ప్రాంతాల్లో మరో లెక్క ఉంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండెక్కాక తిరిగి పైకి ఎక్కుతుంది. మనిషి వాలు మధ్యలో ఉంటే, తెల్లవారుజామున లోయ అడుగున జాగిలం తల ఎత్తుతుంది, పదకొండు గంటలకు అదే జాగిలం శిఖరం దగ్గర ఆసక్తి చూపుతుంది. రెండూ తప్పు కాదు. రెండు గుర్తింపుల సమయం, గాలి దిశ రాసుకున్నవాళ్లకు మధ్యలో వెతకాలని తెలుస్తుంది. రాసుకోనివాళ్లు కుక్కకు మతిపోయిందనుకుంటారు. చల్లని, తేమగా ఉన్న, ముఖానికి తెలిసేంత చిరుగాలి వీచే రోజులు జాగిలాలకు మేలైనవి. నేల గడ్డకట్టిపోతే కింద ఉన్నదాని వాసన పైకి రాదు.

థర్మల్ కెమెరాల మీద ఉన్నంత అతినమ్మకం ఇంకే పరికరం మీదా లేదు. అది లోపలి వేడిని చూడదు, పైభాగం వేడిని మాత్రమే చూస్తుంది. మనిషి చర్మం 30 నుంచి 34 డిగ్రీల మధ్య ఉంటుంది. వేసవి మధ్యాహ్నానికి రాళ్లూ మట్టీ ఆ స్థాయికి చేరి దాటిపోతాయి. చేరుతున్న సమయంలో మనిషీ నేలా తెర మీద ఒకే రంగులో కలిసిపోతారు. రాత్రంతా వేడిని వదిలేసి రాళ్లు చల్లబడ్డాక, సూర్యోదయానికి ముందు గంట రెండు గంటలే దీనికి మంచి అదను. చలికాలంలో నేల చల్లగా ఉంటుంది కాబట్టి సులువని అనిపిస్తుంది. అయితే మందపాటి కోటు బాగా పనిచేస్తోందంటే దాని పైభాగం కూడా చల్లగానే ఉందని అర్థం. ముఖం, చేతులు తప్ప మిగతాది తెర మీద మసగ్గానే ఉంటుంది. ఇక ఆకుల గుబురును, నీటిని, పొగమంచును ఈ కెమెరా దాటి చూడలేదు. ఆకులు నిండిన అడవి మీద డ్రోన్ ఎగరేసి ఎవరూ లేరని ప్రకటించడం చెట్ల కొసలను గాలించినట్టే. చలికి లిథియం బ్యాటరీల సామర్థ్యం పడిపోతుంది. బ్యాటరీలను ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుకుని ఎగరేసే ముందు బిగించడం మామూలు జాగ్రత్త.

వీటన్నిటితో పోలిస్తే అరిచి పిలిచి, ఆగి వినడం పాత పద్ధతే గానీ ఆకుల కాలంలో దానికే ఎక్కువ విలువ. కంటికి 8 మీటర్లే కనిపించే అడవిలో కేక వందల మీటర్లు పోతుంది. రష్యాలో 2010లో మొదలైన లీజా అలర్ట్ స్వచ్ఛంద బృందానికి పుట్టగొడుగుల కోసం అడవిలోకి వెళ్లి దారితప్పే జనంతో వేసవి చివర, ఆకురాలు కాలం ఏటా తలమునకలయ్యే పని. తెలివిలో ఉండి పలకగలిగేవారి కోసం వాళ్లు పిలుపులు, సైరన్లు వాడతారు. ఇక్కడ సాధారణంగా చెడేది ఒకటే: పిలిచాక నిశ్శబ్దంగా ఉండకపోవడం. అందరూ ఒకేసారి పిలిచి, అందరూ ఒకేసారి కదలకుండా ఓ నిమిషం వినాలి. ఎండుటాకుల మీద నడిచే చప్పుడే నీరసమైన గొంతును ముంచేస్తుంది. కొత్తగా పడిన మెత్తటి మంచు శబ్దాన్ని మింగేస్తుంది. గాలి లేని చల్లని రాత్రి శబ్దం ఎక్కువ దూరం వెళుతుంది.

నీటి వేడి, నీటి లోతు

నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. చల్లటి నీటిలో పడినవారి గురించి కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్కను రక్షణ సిబ్బంది గుర్తుంచుకుంటారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు పనిచేసే 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. అంటే చల్లటి నీటిలో చాలామందిని చంపేది శరీరం చల్లబడటం కంటే ముందే వచ్చే ఉక్కిరిబిక్కిరి, చేతుల పట్టు సడలడం. లైఫ్ జాకెట్ ఉందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం తెలియగానే గాలింపు గడువు మారిపోయేది అందుకే.

చలి ఒక్కోసారి కాపాడుతుంది కూడా. 1999లో నార్వేలో మంచు కప్పిన వాగులో చిక్కుకున్న ఒక మహిళ శరీరం లోపలి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయింది, గుండె ఆగిపోయింది, అయినా వైద్యులు బతికించారు. అందుకే చల్లటి నీటి నుంచి తీసినవారిని వెచ్చబరిచి చూడకుండా చనిపోయినట్టు నిర్ధారించరు. వెచ్చని నీటిలో అంత వెసులుబాటు ఉండదు.

మునిగిపోయిన తర్వాత ఏం జరుగుతుందన్నది పూర్తిగా నీటి వేడి మీద ఆధారపడుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి పోయాక శరీరం మంచినీటిలో అడుగుకు చేరుతుంది. కదలని నీటిలోనైతే మునిగిన చోటికి దగ్గర్లోనే ఉంటుంది. కుళ్లే క్రమంలో పుట్టే వాయువులు దాన్ని పైకి తేలుస్తాయి. వెచ్చని నీటిలో దీనికి కొద్ది రోజులు చాలు. చల్లటి నీటిలో వారాలు పడుతుంది. నీరు 4 డిగ్రీల దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది కాబట్టి లోతైన చలిదేశపు సరస్సుల అడుగున ఏడాది పొడవునా ఆ చల్లటి నీరే నిలిచి ఉంటుంది. అక్కడ వాయువులు దాదాపు పుట్టవు, శరీరం ఎప్పటికీ తేలకపోవచ్చు. చలికాలం మొదట్లో మునిగినవారు నీళ్లు వెచ్చబడే రోజుల్లో ఒడ్డుకు రావడంలో వింత ఏమీ లేదు. అంటే తేలుతుందని ఒడ్డున కాపలా కాయడం వేసవిలో ఒక పద్ధతి, చలికాలంలో వృథా. అప్పుడు అడుగునే వెతకాలి.

అడుగును వెతికే సోనారుకూ కాలం పట్టింపే. వేసవిలో పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు పొరలుగా విడిపోతాయి, ఆ సరిహద్దు దగ్గర శబ్దం వంగుతుంది. పరికరాన్ని ఆ పొర కిందికి దించకపోతే చిత్రం నమ్మదగ్గది కాదు. నీటి మొక్కలు నిండుగా పెరిగినప్పుడు వాటి మధ్య ఉన్నది కనిపించదు. మొక్కలు చచ్చి పడిపోయాక, నాచు తేరుకుని నీరు తేటపడ్డాక అదే సరస్సు అడుగు చాలావరకు బోసిగా కనిపిస్తుంది. ఒక వేసవిలో సోనార్ తిప్పి ఏమీ లేదన్న సరస్సును చలి మొదలయ్యాక మళ్లీ తిప్పడానికి కారణం ఇదే.

కరువు ఇంకో రకం అదను. 2022 మే నెలలో అమెరికాలోని మీడ్ జలాశయం నీరు బాగా ఇంకిపోయినప్పుడు ఒక పీపాలో దశాబ్దాల నాటి హత్యకు గురైన వ్యక్తి అవశేషాలు బయటపడ్డాయి. జలాశయాల మట్టం కనిష్ఠానికి చేరే వారాల్లో ఒడ్డు వెంట ఒక్కసారి నడిచిరావడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉండే పనుల్లో ఒకటి.

వాన, వరద

వాన అన్నిటికంటే ముందు అడుగుజాడల్ని తినేస్తుంది. కానీ పూర్తిగా శత్రువు కాదు. ఎండకు గట్టిపడిన నేల మీద పడని జాడ, వాన వెలిసిన మెత్తటి నేల మీద ముద్ర వేసినట్టు పడుతుంది. పైగా ఆ జాడ వానకు ముందుదా తర్వాతదా అన్నది చినుకుల గుంతలు చూసి చెప్పొచ్చు: అడుగుజాడ మీద గుంతలు ఉంటే మనిషి వానకు ముందు వెళ్లాడు, జాడ గుంతల్ని నొక్కేస్తే తర్వాత. వాన ఎన్నింటికి పడిందో తెలిస్తే మనిషి వెళ్లిన సమయం తేలినట్టే. జాడలు చూడటానికి ఏటవాలు వెలుతురు కావాలి, నడినెత్తిన సూర్యుడు ఉంటే నీడ పడక అవి మాయమవుతాయి. చలికాలంలో సూర్యుడు రోజంతా కిందుగానే ఉంటాడు కాబట్టి ఈ పనికి అది అనుకూలం. వేసవిలో ఉదయం, సాయంత్రం మాత్రమే. రాత్రిపూట టార్చిని నేలకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే అదే ప్రభావం వస్తుంది, పైనుంచి వేస్తే రాదు.

వరదలో కొట్టుకుపోయినవారి గాలింపులో కొమ్మలు, చెత్త అడ్డం పడి పేరుకున్న చోట్లు, వంపుల లోపలి వైపు పేరుకున్న ఇసుక ముఖ్యం. వరద ఉధృతిలో అలాంటి కొమ్మల గుట్ట దగ్గరికి డైవర్‌ను పంపితే నీటి ఒత్తిడికి అతనూ దానికే అతుక్కుపోతాడు. ఆ రోజుల్లో పని ఆపడాన్ని నిర్లక్ష్యంగా చూడకూడదు. కానీ నీరు తీశాక వెంటనే, ఇసుక ఎండి గట్టిపడక ముందే తిరిగి రావాలి. చాలా గాలింపులు జారిపోయేది ఇక్కడే: ఆపడానికి ఆదేశం ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టడానికి ఏ మట్టం దగ్గర అన్నది ఎవరూ రాయరు.

మంచు

కొండవాలు నుంచి ఒక్కసారిగా జారిపడే మంచు కింద కూరుకుపోయినవారి విషయంలో లెక్క రోజుల్లో కాదు, నిమిషాల్లో. మొదటి పది నిమిషాల్లో తవ్వి తీస్తే ఎక్కువమంది బతుకుతారు, అరగంట దాటితే ఆ అవకాశం వేగంగా పడిపోతుంది. బయటి బృందం చేరేలోపే ఇది ముగుస్తుంది కాబట్టి పక్కనున్నవారి దగ్గర 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్సీవరు (కూరుకుపోయినవారి సంకేతాన్ని పట్టే చిన్న రేడియో), పొడిచి చూసే కడ్డీ, పార ఉండటమే అసలు గాలింపు. తర్వాత వచ్చేది చాలావరకు వెలికితీత.

మామూలు మంచు చేసేది వేరు. అప్పుడే పడిన మంచు మీద జాడ స్పష్టంగా ఉంటుంది, దాన్ని మరో మంచు కప్పేస్తుంది. ఎండ తగిలితే అంచులు కరిగి జాడ పెద్దదవుతుంది, పిల్లవాడి అడుగు పెద్దవాడిదిగా కనిపిస్తుంది. మంచు ఒకసారి నిలిచాక నేల మీది వస్తువుల గాలింపు ఆగిపోయినట్టే. ఆకు రాలిన తర్వాత, మొదటి మంచు నిలవకముందు దొరికే కొద్ది వారాలు అందుకే విలువైనవి. మంచు కరిగాక, కొత్త చిగురు రాకముందు వచ్చే వారాలు ఇంకా మెరుగు: నెలల తరబడి మంచు బరువుకు పాత గడ్డి, ఆకులు నేలకు అణిగిపోయి ఉంటాయి, వాటి మీద ఎముకో బూటో తేలిగ్గా కనిపిస్తుంది. మంచు లేని దేశాల్లో ఈ అదను ఎండాకాలం చివర, తొలి వానలకు ముందు వస్తుంది. అప్పటికి అడవి అడుగున గడ్డి ఎండిపోయి పల్చబడి ఉంటుంది.

హిమనదాల్లో ఈ చక్రం దశాబ్దాల మీద తిరుగుతుంది. 1942 ఆగస్టులో స్విట్జర్లాండులో పశువుల కోసం బయల్దేరి తప్పిపోయిన దంపతులు 2017 జులైలో హిమనదం కరిగిన అంచున కనిపించారు. మాటర్‌హార్న్ మీద 1970లో గల్లంతైన ఇద్దరు జపాన్ పర్వతారోహకుల అవశేషాలు 2014లో దొరికాయి. పాత మంచు అత్యధికంగా కరిగి ఉండే వేసవి చివరి రోజుల్లోనే హిమనదాల అంచుల్ని చూడటానికి వెళతారు.

నెలలు గడిచాక వెతికేది మారుతుంది

తొలి రోజుల్లో వెతికేది పడుకున్న మనిషి ఆకారాన్ని. కొన్నాళ్లకు వెతకాల్సింది చెదిరిన ఎముకలు, బట్ట ముక్క, బూటు, బ్యాగు. ఈ మార్పు ఎప్పుడు వస్తుందన్నది క్యాలెండరు కంటే పోగుపడిన వేడి మీద ఆధారపడుతుంది. అమెరికా పరిశోధకుడు అర్పాడ్ వాస్ ఇచ్చిన మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది: నేల మీద ఉన్న శరీరం ఎముకల గూడుగా మారడానికి పట్టే రోజుల కోసం 1285ను సగటు ఉష్ణోగ్రతతో భాగించాలి. సగటు 25 డిగ్రీలైతే సుమారు 51 రోజులు, 10 డిగ్రీలైతే 128 రోజులు. తేమ, జంతువులు, బట్టలు దీన్ని అటూ ఇటూ చేస్తాయి. సుమారు 10 డిగ్రీలకు దిగువన ఈగలు దాదాపు కదలవు కాబట్టి చలికాలంలో చనిపోయిన వ్యక్తి వారాల తర్వాత కూడా ఆ రోజే చనిపోయినట్టు కనిపించవచ్చు. తప్పిపోయిన తర్వాత ఇన్నాళ్లు ఎక్కడో బతికే ఉన్నాడా అన్న సందేహం అక్కడి నుంచే పుడుతుంది.

ఎముకలు చెదిరాక జంతువులు వాటిని లాక్కుపోతాయి, వాన వాలు వెంట దించుతుంది, రాలిన ఆకులు కప్పేస్తాయి. ఒక్క ఆకురాలు కాలం చాలు, నేల మీది చిన్న ఎముకలు కనుమరుగవడానికి. కాబట్టి తప్పిపోయిన మొదటి ఏడాది ఆకు రాలడానికి ముందూ, రాలాకా చేసే గాలింపులు ఒకటి కాదు. ఈ దశలో కనుచూపు దూరాన్ని కొలిచే బొమ్మ కూడా మారాలి. మనిషి సైజు గోనెసంచితో కొలిచిన వెడల్పును ఎముకల గాలింపుకు వాడితే లెక్క అంతా అబద్ధమవుతుంది. అలాంటి గాలింపులో మనుషులు రెండు మూడు మీటర్ల ఎడంతో, కర్రతో ఆకులు తిప్పుతూ, ఒక్కోచోట మోకాళ్ల మీద సాగుతారు.

రికార్డులో ఏం ఉండాలి

గాలింపు నివేదికలో తేదీ, గడి సంఖ్య, మనుషుల సంఖ్య మాత్రమే ఉంటే ఆరు నెలల తర్వాత అది పనికిరాదు. ఆ రోజు కొలిచిన కనుచూపు దూరం, మనుషుల మధ్య ఎడం, ఆకులు ఎంత దట్టం, గడ్డి ఏ ఎత్తు, మంచు మందం, నీటి మట్టం, నీటి వేడి, జాగిలం పనిచేసిన గంటల్లో గాలి దిశ, డ్రోన్ ఎగిరిన సమయం ఉండాలి. నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు తీసి పెడితే మాటల్లో చెప్పలేనిది అవే చెబుతాయి. నడిచిన దారుల జీపీఎస్ జాడను భద్రపరచడం ఇప్పుడు ఖర్చు లేని పని. దాన్ని చూస్తేనే ఎవరూ అడుగుపెట్టని ముళ్లపొదలు మ్యాపు మీద తెల్లగా బయటపడతాయి.

కుటుంబం వైపు నుంచి ఇవ్వగలిగిన వివరాలకూ కాలం అద్దం పట్టాలి. చొక్కా రంగు ఒక్కటే చాలదు. పైన వేసుకున్న కోటు రంగు, దాని కింద ఏముంది, విప్పితే ఏ రంగు కనిపిస్తుంది, బూటు అడుగున గీతలు ఎలా ఉంటాయి, చేతిలో టార్చి, నీళ్ల సీసా, మందులు ఉన్నాయా, ఆ కాలంలో ఆయన సాధారణంగా ఎటు వెళతారు అన్నవి కావాలి. జాగిలం కోసం ఉతకని బట్టను ఇంకెవరూ చేత్తో ముట్టుకోకుండా శుభ్రమైన సంచిలో వేసి మూయాలి. ఒక రోజు ఆగి ఫిర్యాదు చేద్దామన్న ఆలోచన ఏ కాలంలోనూ సరికాదు. చలి వాన పడుతున్న సాయంత్రం అది ప్రాణం తీసే ఆలస్యం.

గాలింపు నిలిపేసేటప్పుడే తర్వాతి తేదీలు నిర్ణయించాలి. ఏ గడుల్ని ఆకు రాలాక, ఏ వాటిని మంచు కరిగాక, ఏ ఒడ్డును నీటి మట్టం ఎంతకు దిగాక, ఏ సరస్సును నీటి మొక్కలు పడిపోయాక మళ్లీ చూడాలో పేరుపేరునా రాసి, దానికి బాధ్యుడైన ఒక మనిషిని పెట్టాలి. వరుసలో ముందుండాల్సింది మొదటిసారి దొరికే అవకాశం 30 శాతం కూడా దాటని గడులు. ఎవరూ అడుగుపెట్టని దూరపు కొండలు ఆ తర్వాత.